నడిచి చూడని రైలు, నాన్న వదిలిన క్వార్టరు

నా రిటైర్మెంటు సభలో మాట్లాడినవాళ్లందరూ నన్ను ఆకాశానికెత్తేశారు. మచ్చలేని సర్వీసు అన్నారొకరు. డ్యూటీకి ఒక్క గంట ఎగనామం పెట్టని మనిషి అన్నారింకొకరు. బంతిపూల దండ మెడలో గుచ్చుకుంటూ ఉంటే నేను బుద్ధిమంతుడిలా తలూపుతూ కూర్చున్నాను. నిజమేమిటంటే, రైల్వే నన్ను ఒకసారి ఉద్యోగంలోంచి తీసేసింది. అన్యాయంగా కూడా కాదు. ఆ మాట స్టేజీ మీద చెప్తే వాళ్లు తెప్పించిన సమోసాలు చల్లారిపోయేవి, అందుకని ఇప్పుడు చెప్తున్నాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన మన పిల్లల్లో ఇది చదవగలిగేవాళ్లు తక్కువేనని నాకు తెలుసు. చదవలేనివాళ్లకి ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చదివి వినిపించండి. మధ్యమధ్యలో హిందీలో అర్థం చెప్పినా నాకేమీ అభ్యంతరం లేదు.

ఎనభైల చివర్లో నేను నెంబర్ టేకర్ని. గూడ్సు బండి యార్డులోకి వచ్చి ఆగగానే ఇంజను దగ్గర మొదలుపెట్టి, చివరనున్న గార్డు డబ్బా దాకా పక్కనే నడవాలి. ఒక్కో వ్యాగన్ నెంబరు, అందులో సరుకేమిటి, ఏ ఊరు పోవాలి, తలుపు మీద సీలు సరిగ్గా ఉందా లేదా, అన్నీ చూసి రాసుకుని కింద సంతకం పెట్టాలి. అంతే పని. చెప్పుకోవడానికి ఇంతే గాని, బిలాస్‌పూర్ మే నెల ఎండలో కంకర రాళ్ల మీద నడిచినవాడికి తెలుస్తుంది. గార్డు దగ్గర కూడా ఒక కాగితం ఉంటుంది. వెనక స్టేషన్లో రాసిచ్చిన నెంబర్లన్నీ అందులో ఉంటాయి. నీడలో కూర్చుని అది చూసి మన కాగితంలోకి ఎక్కించేస్తే పది నిమిషాల్లో పనైపోతుంది. అలా చెయ్యకూడదని అందరికీ తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు చెయ్యనివాడూ లేడు.

మా పైన ఒక బడేబాబు, అంటే పెద్ద గుమాస్తా, ఉండేవాడు. రాయ్‌పూర్ వైపు మనిషి. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది కాబట్టి ఆయన తిట్టేది సగమే అర్థమయ్యేది. పాన్ ఉమ్మేసి మరీ స్పష్టంగా చెప్పే మాట ఒక్కటే: "బేటా, కాగితం కదలదు, వ్యాగన్ కదుల్తుంది. కదిలేదాన్ని చూసి రాయి." నేను అచ్ఛా అని తలూపేవాణ్ణి. నాకు అప్పటికి రెండో ఏడు, ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు.

మా నాన్న స్టీమ్ షెడ్‌లో బాయిలర్ మేస్త్రీ. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇదే షెడ్‌లో బొగ్గు ఎత్తే పనిలో చేరాడు. సొంతూళ్లో మా వాటాకి మిగిలింది ఇంటిపేరొక్కటే. మా అమ్మా నాన్నలకి ఇల్లంటే ఆ రైల్వే క్వార్టరే. ఎర్ర ఇటుకల గోడ, నల్ల పలక మీద తెల్ల రంగుతో నెంబరు, వెనక కాస్త దొడ్డి. ఆ దొడ్లో అమ్మ వేసిన ఆనప పాదు కప్పు మీదికెక్కి పక్క క్వార్టరు వాళ్లకి కూడా కాయలిచ్చేది. ఇరవయ్యేళ్ల పైబడి ఉన్న ఇల్లు. నాన్న రిటైరైతే కొన్ని నెలల్లో ఖాళీ చెయ్యాలి.

దానికి రైల్వేలో ఒక దారి ఉంది. తండ్రి రిటైరయ్యేనాటికి కొడుకు కూడా రైల్వే ఉద్యోగంలో ఉండి, అప్పటికి ఆరు నెలలుగా అదే క్వార్టర్లో తండ్రితో కలిసి ఉంటున్నట్టు ఆఫీసులో కాగితం ఉంటే, క్వార్టరు కొడుకు పేరు మీదికి మారుతుంది. అంటే మా అమ్మా నాన్నలు ఆ ఇంట్లో మిగిలిన జీవితమంతా ఉండాలంటే వాళ్లకి పూచీ నేను. పెళ్లి కాలేదు, మీసం సరిగ్గా రాలేదు, అయినా కాలనీ అంతటా నేనో పెద్దమనిషినైపోయాను. నీళ్ల కుళాయి దగ్గర అమ్మ అందరితోనూ "మా బాబు పేరు మీదికి మారతాది" అని చెప్పుకునేది.

నేను నిజంగా ఆ ఇంట్లోనే ఉంటున్నానో లేదో చూడడానికి హౌసింగ్ ఇన్స్‌పెక్టరు రావాలి. రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ నేను యార్డులో ఉన్నాను. "కొడుకు కనబడలేదు" అని రాసుకుపోయాడు. మూడోసారి మంగళవారం పదకొండింటికి వస్తాననీ, అప్పుడూ కనబడకపోతే ఫైలు మూసేస్తాననీ నాన్నతో చెప్పి వెళ్లాడు.

"ఒరే, మంగళారం నువ్వింటికాడుండాల," అన్నాడు నాన్న. "బడేబాబుని గంట పర్మిషను అడుగు."

అడగలేదు. ఎందుకడగలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆయన పాన్ నములుతూ పదిమందిలో నన్ను ఆట పట్టిస్తాడని నామోషీ, అంతే. అడిగితే ఇచ్చేవాణ్ణని తర్వాత ఆయనే అన్నాడు.

ఆ మంగళవారం పావుతక్కువ పదకొండుకి ఒక గూడ్సు బండి వచ్చి ఆగింది. ఇంజను నుంచి గార్డు డబ్బా దాకా ఒక్కసారి చూశాను. చూడ్డమంటే నిలబడి చూశాను, నడవలేదు. గార్డు కాగితం తీసుకుని, నీడలో కూర్చుని, నెంబర్లన్నీ ఎక్కించేసి, సీళ్లన్నీ సరిగ్గా ఉన్నాయని రాసి, సంతకం గీకి, సైకిలెక్కాను. ఇన్స్‌పెక్టరు వచ్చేసరికి ఒళ్లంతా చెమటతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. అమ్మ పెట్టిన అటుకుల పోహా ఆయనా తిన్నాడు, నేనూ తిన్నాను. "కుమారుడు ఇంట్లో ఉన్నాడు" అని తేదీతో సహా, సమయం పదకొండుంపావని రాసి, నాన్నతోనూ నాతోనూ సంతకాలు పెట్టించుకుని, కార్బన్ కాపీ మా చేతికిచ్చాడు. అమ్మ దాన్ని పెట్టెలో తన పెళ్లిచీర మడతల మధ్య దాచింది. ఆ సాయంత్రం పాయసం వండింది.

ఆ బండిలో ఒక గోధుమల వ్యాగన్ లేదు. కాగితం మీద ఉంది గాని, బండిలో లేదు. దారిలో ఇరుసు వేడెక్కి పొగలొస్తుంటే ఒక చిన్న స్టేషన్లో దాన్ని విడదీసి పక్క లైన్లో వదిలేశారు. గార్డు తన కాగితంలో దాన్ని కొట్టేయడం మరిచిపోయాడు. నేను నడిచి ఉంటే ఒక వ్యాగన్ తక్కువని పట్టుకునేవాణ్ణి. పట్టుకోవడమే నా ఉద్యోగం. వారం పైన వెతికి వెతికి దాన్ని కనిపెట్టేసరికి తలుపు విరిగి ఉంది, సగం బస్తాలు లేవు. మంగళవారం ఆ వ్యాగన్ బిలాస్‌పూర్‌లో సీలుతో సహా భద్రంగా ఉన్నట్టు చెప్పే కాగితం లోకంలో ఒక్కటే. దాని కింద సంతకం నాది.

దొంగలతో చేతులు కలిపాడేమోనని అనుమానించడానికి ఇంతకన్నా ఏం కావాలి? చార్జిషీటు ఇచ్చారు. ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. ఇది మొదటిదానికన్నా పెద్దది. మా కాలనీలో ఒక యూనియన్ లీడరు ఉండేవాడు. మన తెలుగాయనే, అందరికీ మావయ్య. రైళ్లకన్నా రైల్వే రూల్సు పుస్తకాలే ఎక్కువ చూసిన మనిషి.

"ఒప్పుకున్నావో, పోనావు," అన్నాడాయన. "బండి నడిసి సూసినాను, వ్యాగన్ ఉన్నాది అని ఒకటే మాట మీదుండు. మిగతాది నాను సూసుకుంతాను."

ఎంక్వైరీలో ఆ ఒకటే మాట మీదే ఉన్నాను. వ్యాగన్ ఎన్నో స్థానంలో ఉందని అడిగారు, చెప్పాను. తలుపు ఏ రంగని అడిగారు, అదీ చెప్పాను. అక్కడ లేని వ్యాగన్‌కి నేనెన్ని రంగులు వేశానో తల్చుకుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి. అవతలివాళ్లు పిచ్చివాళ్లు కారు. విడదీసిన స్టేషన్ రికార్డు వాళ్ల దగ్గరుంది. ఇంత గట్టిగా అబద్ధమాడేవాడు ఏదో దాస్తున్నాడనుకున్నారు. నాన్న రిటైర్మెంటు రెండు నెలలుందనగా, ఉద్యోగం నుంచి తొలగిస్తున్నట్టు ఒక పేజీ ఉత్తరం చేతికొచ్చింది.

నాన్నకి నేను నిజం చెప్పలేదు. మంగళవారం పర్మిషను అడిగే ఇంటికొచ్చాననీ, ఆ బండిని అంతకుముందే నడిచి చూశాననీ ఆయన నమ్మాడు. షెడ్‌లో, మార్కెట్లో, కనబడ్డవాడినల్లా ఆపి "మావోడు అబద్దమాడడు" అని వాదించేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించేది.

బయటపెట్టింది అమ్మ. అమ్మకి చదువు రాదు. కూరలమ్మే ఆవిడతో ఛత్తీస్‌గఢీలోనూ, ఇంట్లో మా శ్రీకాకుళం తెలుగులోనూ తప్ప మాట్లాడేది కాదు. అప్పీలు రాయడానికి వచ్చిన లీడరు మావయ్య ఆ ఉత్తరాన్ని తెలుగులో చదివి చెప్తుంటే తేదీ, వారం, వేళ విన్నది. మధ్యాహ్నం మాకు అన్నాలు వడ్డిస్తూ మామూలుగా అడిగింది.

"ఆ మంగళారం పదకొండుకి నువ్విక్కడ పోహా తింతన్నావు కదరా. మరి ఆ బండిని ఎవులు సూసినారు?"

నాన్న కలుపుతున్న ముద్ద అలాగే వదిలేసి నా మొహంలోకి చూశాడు. నేను తలెత్తలేదు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కంచం ముందు నుంచి లేచి చేయి కడుక్కున్నాడు. అన్నం వదిలేసి లేవడం ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న నన్ను యార్డుకి తీసుకెళ్లాడు. ఉద్యోగంలోంచి తీసేసినవాడు అక్కడ అడుగు పెట్టకూడదు. బడేబాబు మమ్మల్ని చూసి, ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఒక గూడ్సు బండి ఆగి ఉంది.

"నడు," అన్నాడు నాన్న.

ఇంజను నుంచి గార్డు డబ్బా దాకా ఇద్దరం నడిచాం. చివరికి చేరాక జేబులోంచి గడియారం తీసి చూశాడు. "పాతిక నిమిషాలు. పాతిక నిమిషాలకి ఉద్యోగం పోనాది, ఇల్లు పోనాది. నీకు దొంగని పేరొచ్చినాది." గడియారం మళ్లీ జేబులో పెట్టుకుని, "నానే రమ్మన్నాను కదా ఇంటికి. నా ఇల్లు కోసమే వొచ్చీసినావు," అన్నాడు. అప్పుడు ఏడ్చాను. అంతకుముందు ఉత్తరం వచ్చిననాడు కూడా ఏడవలేదు.

అప్పీలు విచారణకి మన తరఫున మాట్లాడడానికి ఒక రైల్వే మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. లీడరు మావయ్య కొత్త చొక్కా కుట్టించుకుని సిద్ధంగా ఉన్నాడు. నాన్న ఆయనింటికెళ్లి "నానే ఎల్తాను" అన్నాడు. మావయ్యకి తిక్క రేగింది. "ఇంగిలీసు ముక్క రాదు, నువ్వేటి వాదిస్తావు బావా? అది కోర్టనుకున్నావా, బాయిలరనుకున్నావా?" అన్నాడు. నాన్న నవ్వి ఇంటికొచ్చేశాడు.

విచారణ రోజుకి నాన్న రిటైర్మెంటు నాలుగు రోజులుంది. గంజి పెట్టి ఉతికిన యూనిఫాం వేసుకున్నాడు. ఆఫీసరు బయటి ప్రాంతం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మా నాన్న హిందీ సగం షెడ్డు హిందీ, సగం ఛత్తీస్‌గఢీ, కోపమొస్తే మధ్యలో తెలుగు; ఇక్కడ ఆయన మాటలన్నీ మా ఇంటి తెలుగులోనే రాస్తున్నాను. ఆయన ముందుగా కార్బన్ కాపీ తీసి బల్ల మీద పెట్టాడు.

ఆఫీసరు చదివి, అద్దాలు తీశాడు. "ఈ కాగితం ప్రకారం నీ కొడుకు డ్యూటీ వదిలి ఇంటికెళ్లాడు. దొంగ సంతకం పెట్టాడు. ఎంక్వైరీలో అబద్ధం చెప్పాడు. నువ్వు అతన్ని కాపాడ్డానికొచ్చావా, ముంచడానికొచ్చావా?"

"ఈ మూడూ సేసినాడు సాబ్," అన్నాడు నాన్న. "సిచ్చ ఎయ్యండి. దొంగతనం మాత్రం సెయ్యనేదు. ఆడు ఆ వ్యాగన్ని కంటితో సూడనేదు. సూడ్డమే ఆడి పని, సూడకపోడమే ఆడి తప్పు. దొంగ అన్న మాట ఒక్కటీ కొట్టీయండి."

ఆఫీసరు నా వైపు తిరిగి "నడిచావా?" అని అడిగాడు.

"నడవలేదు సార్," అన్నాను. ఆ బండి గురించి నేను నోరు తెరిచి చెప్పిన మొదటి నిజం అది.

అప్పుడు నాన్న యూనిఫాం జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. నాకు దాని సంగతి తెలియదు. బడేబాబు చేత హిందీలో రాయించి, కింద తను సంతకం పెట్టాడు. క్వార్టరు కొడుకు పేరు మీదికి మార్చమని తను పెట్టుకున్న అర్జీని వెనక్కి తీసుకుంటున్నట్టు అందులో ఉంది.

"ఈ కేసుకీ దీనికీ సంబంధం లేదు కదా," అన్నాడు ఆఫీసరు.

"ఉన్నాది సాబ్. ఈ ఇల్లు కోసం ఆడు బండి ఒగ్గీసి వొచ్చినాడు. ఉద్యోగం తిరిగిస్తే ఇల్లు కూడా దక్కించుకుందారని వొచ్చినానని మీరనుకోకూడదు. నాకా ఇల్లొద్దు. ఆడికి ఆడి బండి ఇచ్చీయండి."

ఆఫీసరు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత మమ్మల్ని వెళ్లమన్నాడు.

నాన్న రిటైరైన పదో రోజున ఆర్డరు వచ్చింది. దొంగతనం మాట కొట్టేశారు. నన్ను మళ్లీ మొదటి మెట్టు నుంచి, కొత్తగా చేరినవాడిలా తీసుకున్నారు. లీడరు మావయ్య తల పట్టుకున్నాడు. "ఆ కాగితం ఒక్కటీ ఇయ్యకపోతే పెద్దాఫీసులో పట్టుబట్టి ఇల్లు కూడా తెచ్చీసేవోణ్ణి కదా!" అన్నాడు. తేగలిగేవాడేమో కూడా. నాన్న మాత్రం ఆ అర్జీ మళ్లీ పెట్టనివ్వలేదు.

అమ్మ నాన్నతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆవిణ్ణి నేనేమీ తప్పు పట్టను, ఆ ఇల్లు ఎక్కువగా ఆవిడది. గడువు తీరేరోజున ఊళ్లో దయాల్‌బంద్‌లో రెండు గదుల అద్దె ఇంటికి సామాను తోపుడుబండి మీద తరలించాం. ఆఖరున అమ్మ కప్పు మీదున్న ఆనపకాయలన్నీ కోసి కాలనీలో తలో ఒకటీ పంచిపెట్టి, పాదుకి ఒక బకెట్టు నీళ్లు పోసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఆ తర్వాత నేను నడవని బండి లేదు. జ్వరంలో నడిచాను, వానలో పుస్తకాన్ని చొక్కాలో దాచుకుని నడిచాను. కొత్తగా చేరిన కుర్రాళ్లు నాకు పైదల్ బాబు, అంటే కాలినడక బాబు, అని పేరు పెట్టారు. వెక్కిరింపే గాని, నాకు లోలోపల ఎంత గర్వంగా ఉండేదో వాళ్లకి తెలియదు. రిటైరైపోయే రోజున బడేబాబు పాన్ ఉమ్మేసి మరీ నాతో చెప్పిన మాట, "నా లెక్కలో ఈ యార్డులో కాగితం కన్నా ముందు వ్యాగన్ని చూసేవాడివి నువ్వే." ఏ సభలో ఎవరేమన్నా నేను దాచుకున్నది ఆ మాటనే.

తొంభైల్లో, ఏడేళ్లో ఎనిమిదేళ్లో గడిచాక, నా వరుస వచ్చి నా పేరు మీద ఒక క్వార్టరు ఇచ్చారు. పాతదానిలో సగముంటుంది. దొడ్డి లేదు, గుమ్మం పక్కన రెండడుగుల మట్టి ఉంటే అమ్మ అందులోనే ఆనప గింజలు పాతింది. నాతో ఉండేవాళ్ల కింద అమ్మా నాన్నల పేర్లు రాసిచ్చాను. అది నిజమో కాదో చూడడానికి మళ్లీ ఒక ఇన్స్‌పెక్టరు వచ్చాడు. కొత్తవాడు, కుర్రాడు. వచ్చే వేళకి నేను యార్డులో ఉన్నాను. ఆ తర్వాత జరిగింది అమ్మ చెప్పగా విన్నదే.

"యార్డు దగ్గరే కదా, ఎవరినైనా పంపి పిలిపించండి. లేకపోతే ఇంట్లో లేడని రాసుకుని పోతాను," అన్నాడట ఆ కుర్రాడు.

నాన్న గుమ్మంలో మంచం మీంచి లేవలేదట. "రాసుకో బాబూ," అన్నాడట. "ఆడు బండి కాడున్నాడు. బండి సివరిదాకా నడిసినాక వొస్తాడు. పిలవను. కూకుంతావంటే కూకో, పోహా తిందువుగాని."

ఆ పిల్లవాడు ఏమనుకున్నాడో ఏమో, కూర్చున్నాడు. నేను డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి బూట్లు విప్పేసి, అమ్మ పెట్టిన రెండో ప్లేటు తింటున్నాడు. చేతులు తుడుచుకుని కాగితం నా ముందు పెట్టాడు. నేను కలం తీశాను.

నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇయ్యేళ బండి సివరిదాకా నడిసినావా?" అని అడిగాడు.

"నడిచాను నాన్నా."

"అయితే పెట్టు సంతకం," అన్నాడు.